చివరి బెంచీ పిల్ల

టీచర్ల శిక్షణ కోసం మా ఆఫీసులో వీఆర్ తరగతి తయారుచేశాం. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఎదురుగా బెంచీలు, పిల్లలు కనిపిస్తారు. చివరి బెంచీలో నత్తి పిల్లను కూర్చోబెట్టింది నేనే, గొంతూ నాదే. ఆ పిల్ల జవాబు పూర్తిగా వినేదాకా పాఠం ముగియదు, పాఠం ముగియనిదే సర్టిఫికెట్ రాదు. మధ్యలో అడ్డొస్తే పిల్ల మళ్లీ మొదటికొస్తుంది.

ఈసారి శిక్షణకొచ్చిన టీచర్లలో మా చిన్నప్పటి లెక్కల మాస్టారూ ఉన్నాడు. నన్ను నిలబెట్టి, నా నత్తిని వెక్కిరించి క్లాసంతా నవ్వించిన మహానుభావుడు. నన్ను గుర్తుపట్టలేదు. నేనూ నోరు విప్పకుండా ఆయన తలకు హెడ్‌సెట్ బిగించి, నా స్క్రీన్ ముందు కూర్చున్నాను.

"ఏడెనిమిదులెంత?" అని అడిగాడు.

"యా... యా..."

"యాభై ఆరు. కూర్చో."

పిల్ల కూర్చోలేదు. "యా..." అని మళ్లీ మొదలుపెట్టింది.

మిగతా టీచర్లంతా ముగించి భోజనానికి వెళ్లిపోయారు. ఈయన మాత్రం గోడకేసి తిరిగి చెమటలు కక్కుతున్నాడు.

"నీకు నోరు తిరిగేసరికి తెల్లారుతుందే," అన్నాడు పిల్లతో. నాతోనూ ఇదే అనేవాడు, ఒక్క అక్షరం మారలేదు.

పిల్ల మళ్లీ మొదటికొచ్చింది.

"ఎవరమ్మా అక్కడ? దీన్నాపండి," అన్నాడు చివరికి.

"ఆ... ఆగండి, మా... మాస్టారూ," అన్నాను.

అదే గొంతు వెనకనుంచి వినబడేసరికి ఆయన కొయ్యబారిపోయాడు. "నువ్వా?"

"నే... నేనే. ఆ... ఆ రోజు మీరు..."

"సర్లే, అర్థమైంది," అని అడ్డొచ్చాడు.

చివరి బెంచీలో పిల్ల మళ్లీ మొదటికొచ్చింది.