ఆవు వెనకాల ఆదెమ్మ

పుంగనూరులో స్టూడియో పెట్టుకున్న గిరిబాబుకి మెలకువలోనే కలలు కనే జబ్బు ఉంది. జబ్బు అన్నది వాళ్ళావిడ మాట, మనది కాదు. టీ గ్లాసు చేతికిస్తే అది చల్లారి మీగడ కట్టేదాకా గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఏం కనిపిస్తోందయ్యా ఆ గోడలో అని అడిగితే, "ఆవులు" అంటాడు. అది అబద్ధం కాదు. పెళ్ళిళ్ళు తీసే ఫోటోగ్రాఫర్లు ఊరినిండా ఉన్నారు గానీ, ఆవులను తీయడమే పనిగా బతికినవాడు ఆ చుట్టుపక్కల ఇతనొక్కడే.

పాడి ఆవుకి ఇన్సూరెన్స్ చేయించాలంటే ఫోటో జతచేయాలి. ఆవు పక్కకి తిరిగి నిండుగా కనబడాలి. దాని చెవికున్న పసుపు బిళ్ళ మీద నంబరు చదవడానికి రావాలి. యజమాని పగ్గం పట్టుకుని ఉండాలి. చెప్పినంత తేలిక కాదు, ఈగ వాలితే చాలు ఆవు తల తిప్పేస్తుంది. గిరిబాబు మాత్రం విసుక్కునేవాడు కాదు. పశువుల డాక్టరు వెనక బండెక్కి, కెమెరా ఒళ్ళో పెట్టుకుని, పుంగనూరు నుంచి కుప్పం దాకా పల్లెపల్లెకూ తిరిగాడు. ఊరి నడుమ చింతచెట్టు నీడలో క్యాంపు పెడితే ఆవులన్నీ వరసకట్టేవి.

ఆవును మేపేదీ, పాలు పితికేదీ, పేడ ఎత్తేదీ ఆడవాళ్ళే కాబట్టి పగ్గం పట్టుకుని వచ్చేదీ వాళ్ళే. తీరా కెమెరా ఎత్తేసరికి, "ఫోటో ఆవుకి గదప్పా, నాకు యాల?" అంటూ ఆవు వెనక్కి పోయి దాక్కునేవాళ్ళు. అందుకే గిరిబాబు ఫోటోల్లో ఆవు నిండుగా ఉంటుంది, దాని పొట్ట కింద రెండు పాదాలుంటాయి, మెడ దగ్గర పగ్గం పట్టుకున్న చెయ్యి ఒకటుంటుంది. ఆఫీసువాళ్ళకి అది చాలు. మనిషి మొహంతో వాళ్ళకేం పని?

ఈ శ్రావణంలో గుడుపల్లె నుంచి కల్పన అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, నేను ఆదెమ్మ కూతుర్ని. అమ్మ పోయి ఏడాది కావస్తాండాది. సమ్మచ్చరికానికి ఫోటో కావల్ల. ఇంట్లో ఒగటీ లేదు."

"ఒగటీ లేదా? నీ పెండ్లి ఆల్బంలో?"

"దాంట్లో ఎవురో ఒకరి బుజం ఎనకాలే ఉండాది. సెల్లు ఎత్తితే పక్కకి తిరుక్కుంటాండె. ఆధార్ కార్డులో ఉండేది మా అమ్మే కాదన్నా, ఎవురో దొంగమాదిరి ఉండాది. మా ఆవులకి నువ్వే గదా ఫోటోలు తీసింది. యాడన్నా అమ్మ మొగం పడింటుందేమో సూడన్నా. అవ్వ ఎట్లుండె అని నా బిడ్డ అడగతాది, సూపించేదానికి ఏమీ లేదు."

ఆదెమ్మ గిరిబాబుకి బాగా తెలుసు. ఎండలో పోతే ఉప్పూ కరివేపాకూ వేసిన మజ్జిగ చెంబుతో ఎదురొచ్చేది. కళ్ళు మూసుకుని ఆ మొహం కోసం వెతికాడు. చెంబు వచ్చింది, గాజుల చప్పుడు వచ్చింది, "తాగప్పా" అన్న గొంతూ వచ్చింది. మొహం ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్ళు ఆ ఇంటి మజ్జిగ తాగి మొహం గుర్తులేకపోవడమేమిటని తనమీద తనకే కోపం వచ్చింది.

ఇక వెతకాల్సింది కంప్యూటరులోనే. అదేమో ముసలిది. ఒక ఫోటో తెరవమంటే బరువెత్తిన మనిషిలా మూలిగి, సగం చూపించి, అక్కడే నిలిచిపోయేది. ఫోటోలన్నీ నాలుగైదు పాత హార్డ్ డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. గుడుపల్లె డిస్కు తగిలిస్తే లోపల టక్కుటక్కుమని చప్పుడు. పైగా ఫోటోలకి పెట్టిన పేర్లు చెవిబిళ్ళ నంబర్లు. మనుషుల పేర్లు ఎక్కడా లేవు. ఆదెమ్మ కావాలంటే ఆ పల్లెల ఆవులన్నిటినీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి, ఈ డిస్కు ఊపిరి ఆగేలోపల. కొత్త కంప్యూటరు కొందాం కొందాం అని ఏళ్ళతరబడి నాన్చిన మనిషి, మర్నాడు పొద్దున్నే డిస్కులన్నీ తువ్వాలులో చుట్టుకుని మదనపల్లె బస్సెక్కాడు.

కిటికీ పక్కన సీటు దొరికితే గిరిబాబుని ఆపేదెవరు? బయట సన్నటి జల్లు. టమాటా క్రేట్ల బండ్లు బస్సుని దాటిపోతున్నాయి. దూరంగా కొండలు మబ్బు కప్పుకుని పడుకున్నాయి. ఒళ్ళోని తువ్వాలు మూట వెచ్చగా తగిలింది. అందులోంచి ఆవులు ఒక్కొక్కటే దిగి రోడ్డు పక్కన నడవడం మొదలుపెట్టాయి. తెల్లవీ, ఎర్రవీ, నల్లమచ్చల సీమావులూ, గంగడోలు ఊపుకుంటూ పొట్టి పుంగనూరు ఆవులూ. ప్రతి ఆవుకీ అవతలివైపు ఒక మనిషి నడుస్తోంది. పాదాలు కనిపిస్తున్నాయి, పట్టీలు కనిపిస్తున్నాయి. బస్సు ఎంత వేగంగా పోయినా ఆవు అడ్డం తొలగడం లేదు. "కొంచెం ముందుకి జరగండి" అని గిరిబాబు పైకే అనేశాడు. పక్కనున్న పెద్దాయన తననే జరగమన్నాడనుకుని జరిగి కూర్చున్నాడు.

మదనపల్లెలో చేతన్ కంప్యూటర్ల షాపు. తెలిసిన కుర్రాడే, నోరు మాత్రం ఆగదు. లోపలికి అడుగుపెట్టగానే అద్దాల డబ్బాలో రంగురంగుల లైట్లు తిరిగే మిషన్ ముందు నిలబెట్టాడు. నీలం మెల్లగా ఊదా అయింది, ఊదా మెల్లగా ఎరుపైంది. గిరిబాబు లోకం మరిచిపోయాడు.

"అన్నా, అది గేములాడేవాళ్ళకి. నీకు దండగ," అని చేతనే భుజం తట్టి లేపాడు. "ఫోటోలు సూసేదానికి అంత పెద్ద గ్రాఫిక్స్ కార్డు యాల? ప్రాసెసర్ మధ్యరకంది సాలు. ర్యామ్ మాత్రం దండిగా ఏసుకో, ఫోటోలు ఆగకుండా కదల్తాయి. ఇంగ జాగా సంగతి. ఇప్పుడు పనిచేసే ఫోటోలకి ఎస్ఎస్‌డి. అది చిన్నదే గానీ ఎద్దుకి తోక మెలేసినట్ల ఉరుకుతుంది. పాతవన్నీ పెద్ద హార్డ్ డిస్కులో పడేయ్."

"అది కూడా పోతే?"

"పోతుంది. యాపొద్దో ఒగపొద్దు ఏ డిస్కైనా పోయేదే. అందుకే అదే మాదిరిది ఇంకోటి తీసుకోని కాపీ చేసిపెట్టు. రెండూ ఒగే ఇంట్లో పెట్టొద్దు, పిడుగు పడితే రెండూ పాయ."

గిరిబాబు ఆలోచించాడు. కుప్పంలో వాళ్ళక్క యశోదమ్మ బీరువా గుర్తొచ్చింది. పట్టుచీరల మడతల్లో పెడితే ఆ డిస్కు మీద చెయ్యేసే ధైర్యం బావకి కూడా లేదు. ఆ సంగతి తేలిపోయింది.

చేతన్ పాత డిస్కులు ఒక్కొక్కటే తగిలించి చూశాడు. టక్కుటక్కుమనేది కూడా బతిమాలగా బతిమాలగా తెరుచుకుంది. చూస్తూ చూస్తూ అతను నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇవన్నీ యాలన్నా? తోక ఒగటే పడిండేవి, ఊగిపోయిండేవి, నంబరు కనపడనివి! సగానికి సగం పనికిరానివే. ఈడనే తీసేస్తా. చిన్న డిస్కుతో సరిపోతుంది నీకు."

మాట సబబుగానే ఉంది. నంబరు కనబడని ఆవు ఫోటో ఏ ఆఫీసుకి కావాలి? గిరిబాబు సరే అనబోయాడు. అంతలో పాడైన ఫోటోలు తెరమీద ఒకదాని వెనక ఒకటి జారిపోతుంటే కళ్ళు వాటికి అతుక్కుపోయాయి. ఒక ఆవు తల విదిలిస్తోంది. ఒకటి పక్కకి దూకుతోంది. ఇంకొకటి కెమెరాకి వీపు చూపించి నడిచిపోతోంది, అది పోయిన ఖాళీలో ఎవరో ఆవిడ నోరు తెరుచుకుని దాన్ని అదిలిస్తోంది. ఆవిడ ముక్కుపుడకతో సహా కనిపిస్తోంది.

గిరిబాబు తెరకి దగ్గరగా జరిగాడు. ఆవు కుదురుగా నిలబడినంతసేపూ వాళ్ళు దాని చాటున ఉంటారు. ఆవు కదిలినప్పుడే కదా మనిషి బయటపడేది! మంచి ఫోటోలన్నీ ఆవులవి, పాడైన ఫోటోలు ఆ ఆడవాళ్ళవి. ఇన్నేళ్ళూ తీసి పక్కన పడేసింది వాళ్ళ మొహాలనా?

"ఒగటీ తీసేయొద్దు సేతనా," అన్నాడు. "ఊగిపోయిందీ ఉండల్ల, తోకదీ ఉండల్ల. పెద్ద డిస్కులే ఇయ్యి. రెండిటిలోనూ అన్నీ ఉండల్ల."

చేతన్ ఈ మనిషికి మళ్ళీ పట్టిందిరా అన్నట్టు చూసి, పెద్ద డిస్కులే కట్టాడు. కరెంటు పోయినా కాసేపు నిలిపే యూపీఎస్ కూడా అంటగట్టాడు. అది మంచి పనే చేశాడు.

ఫోటోలన్నీ కొత్త మిషన్లోకి చేరేసరికి వారం తిరిగింది. ఆ వారమంతా ముసురే. స్టూడియోలో ఫ్యాను చప్పుడూ బయట వాన చప్పుడూ కలిసిపోతే, గిరిబాబు కుర్చీలో వెనక్కి వాలి తెరమీద ఆవులు దాటిపోవడం చూస్తూ ఉండిపోయాడు. తడిసిన గడ్డి వాసన గదిలోకి ఎక్కడినుంచో వచ్చేది. రెండో డిస్కు కుప్పం చేరి పట్టుచీరల్లో నిద్రపోయింది. అప్పుడు కల్పనని రమ్మన్నాడు.

ఆ అమ్మాయి తడి గొడుగు గడపలో ఆనించి, తెరముందు కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. గుడుపల్లె వైపు క్యాంపులు ఒక్కొక్కటీ తెరిచాడు. మనుషులను గుర్తుపట్టాల్సిన పిల్ల ఆవులను గుర్తుపట్టింది. "ఇది మా గౌరి. చుక్కలది లచ్చిమి, పాలియ్యకుండా ఎగ్గొడతాండె." ప్రతి ఆవు మెడ దగ్గరా అదే చెయ్యి, అవే పచ్చగాజులు. కల్పన తెరమీద ఆ చేతిని వేలితో ముట్టుకుంది. "అమ్మదే," అంది. పాదాలు ఉన్నాయి, పసుపు రాసుకున్నవి. మొహం లేదు.

పాడైనవి తెరిచాడు. ఒకదాంట్లో ఆదెమ్మ వీపు. ఒకదాంట్లో కొంగు గాలికి లేచి మొహం మీద పడింది. ఇంకొకదాంట్లో దూడ అడ్డం. కల్పన కుర్చీ అంచుని గట్టిగా పట్టుకుంది. గిరిబాబుకి లోపల భయం మొదలైంది. ఈ బిడ్డని ఇంత దూరం పిలిపించి ఉత్తచేతులతో పంపాలా?

తర్వాతి ఫోటో ఒరిగిపోయి ఉంది. సగం ఆకాశం, ఒక చింతకొమ్మ, ఒక కొమ్ము మొన. ఏ రోజుదో గిరిబాబుకి వెంటనే తెలిసింది. ఆ ఊరి అంకమ్మ వాళ్ళ ఆవు వెనకనుంచి వచ్చి పొడిస్తే తను పేడలో బోర్లా పడ్డాడు. కెమెరా దానంతటదే నొక్కుకుపోయింది. ఊరంతా నవ్వింది. ఆ వంకర ఫోటో అంచున, ఒక చేత్తో ఆవునీ ఒక చేత్తో దూడనీ పట్టుకుని, ఆదెమ్మ తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. మొహం మొత్తం కనబడుతోంది, ఎండ మొత్తం ఆ మొహం మీదే ఉంది.

కల్పన తెరకేసి వంగి ఆ నోటినే చూస్తోంది. గిరిబాబే అడిగాడు. "అమ్మ కాదామ్మా?"

"అమ్మే." ఆ అమ్మాయి తెరమీద వేలు పెట్టింది. "ముందరి పన్ను సూడన్నా, సగం ఇరిగింది. సిన్నప్పుడు దూడ తన్నిందంట. దానికే సిగ్గు అమ్మకి. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటాండె. నేను పుట్టినప్పట్నుంచీ నోరు తెరిచి నవ్వింది ఒగసారి కూడా సూడలేదన్నా నేను." కోపంగా అంది, "ఊరందరికీ సూపించింది. నాకు సూపించలేదు."

గిరిబాబు ఫోటోని కొంచెం పెద్దది చేశాడు. కొత్త మిషన్ తడబడకుండా చేసి చూపించింది.

"ఊరికీ సూపించలేదమ్మా. రెండు చేతుల్లోనూ పగ్గాలుండాయి సూడు. కొంగు తీసుకునేదానికి చెయ్యి యాడ ఖాళీ?"

కల్పన ఆ రెండు చేతుల వంక చూసింది. ఒక్కసారిగా నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకదానిమీదొకటి పడ్డాయి. గిరిబాబు తలుపు దాకా వెళ్ళి వాన చూస్తున్నట్టు నిలబడి, కాసేపటికి తిరిగొచ్చాడు. పోయినవాళ్ళ ఫోటోలకి ఏ స్టూడియోవాడైనా చేసే పనే తనూ చేయబోయాడు.

"పన్ను సరిచేసేస్తానమ్మా. నిమిషం పట్టదు. సమ్మచ్చరికంలో అందరూ సూస్తారు గదా."

"వద్దు. ముట్టుకోవద్దన్నా." కళ్ళు తుడుచుకుంది. "గోడకి గౌరి పక్కన చెయ్యి ఉండేది ఇయ్యి. అమ్మ దానికైతే ఒప్పుకుంటాది. ఇది ఇంట్లోకి, చిన్నది ఒగటి తీసియ్యి."

"ఎవురికమ్మా?"

"నా బిడ్డకి. అవ్వ ఎప్పుడూ ఇట్లే నవ్వుతాండె అని చెప్తా."

అది నిజం కాదని గిరిబాబుకి తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. అతను ఒరిగిన ఫోటోని ఒరిగినట్టే ఉంచి ప్రింటుకి ఇచ్చాడు.