తయారైన వాటికి వేరే అర

ఆ ఆఫీసులో అందరూ ఆమెను ‘సర్దుళ్ల పిల్ల’ అనేవారు. చేరిన వారంలోనే బల్లల కింద చిక్కుపడి ఉన్న వైర్లన్నిటికీ చీటీలు కట్టి, ఏది ఎవరిదో రాసిపెట్టింది మరి. ఆ పేరు పెట్టింది ప్రోగ్రాంలను పరీక్షించే అక్క. ఆవిడకూ ఒక పేరుంది గానీ వెనకాలే పిలుస్తారు: వంకలక్క. ఎవరేం చేసి తెచ్చినా వంక పెట్టడమే ఆవిడ ఉద్యోగం. జీతం ఇచ్చేదీ అందుకే.

ఆసుపత్రుల్లో ‘ఇరవై మూడో నంబరు లోపలికి రండి’ అని చూపే గోడ బోర్డుకు ప్రోగ్రాం రాయడం వాళ్ల పని. ఆ బోర్డుకే ఒక రోగం పట్టుకుంది. తొంభై తొమ్మిది తర్వాత నూరు రావాల్సింది, సున్నా వస్తోంది. పాపం, నూరో మనిషి కుర్చీకి అతుక్కుపోయి కూర్చుంటున్నాడు. దాన్ని కుదిర్చే పని సర్దుళ్ల పిల్లకు అప్పగించారు. ఆమె మూడు నెలల ట్రయల్ ఆ రోజుతో అయిపోతుంది. సాయంత్రం నాలుగింటికి బోర్డు మీద నూరు కనిపిస్తే ఉద్యోగం ఖాయమని టీమ్ లీడర్ చెప్పాడు. ఆయన్ని అందరూ పెద్దన్న అంటారు.

ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాకముందే ఆ సంగతి వీధంతా చాటేసింది.

పొద్దున ప్రోగ్రాం ఫోల్డర్ తెరవగానే పిల్లకు కళ్లు తిరిగాయి. మనుషులు రాసిన ఫైళ్లు, వాటిని యంత్రానికి అర్థమయ్యేలా మార్చగా తయారైన ఫైళ్లు ఒకేచోట కలిసి పడున్నాయి. వాళ్లమ్మ అంగడిలో కత్తిరించిన గుడ్డ ఒక అరలో, కుట్టిన చొక్కా మరో అరలో ఉంటాయి. కలిపితే వీపు విమానం మోతే. అలా పెరిగిన పిల్ల ఊరుకోలేకపోయింది. తయారైన ఫైళ్లు ఎక్కడ పడాలో చెప్పే సెట్టింగ్ తెరిచింది. దాని పైన పెద్దన్న ఎప్పుడో రాసిన మాట ఉంది: ‘ఈ దారి మార్చవద్దు. ఎందుకో గుర్తులేదు.’

ఆమెకు నవ్వొచ్చింది. ఎందుకో తెలియని దానికి భయమెందుకనుకుని, ‘తయారు’ అని కొత్త ఫోల్డర్ పెట్టి, ఆ దారి రాసేసింది. ఏది చేత్తో రాసిన ఫైలో, ఏది యంత్రం చేసిందో ఒక కాగితం మీద జాబితా కూడా వేసుకుంది. తర్వాత రోగం సంగతి చూసింది. రెండంకెలకే ఉన్న చోటును మూడంకెలకు పెంచింది. అరగంట పని.

వంకలక్క బోర్డు నడిపింది. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది... సున్నా.

"ఏమ్మా, నూరెక్కడ దాచావ్?"

"ఉండక్కా, మళ్లీ చేస్తా."

మళ్లీ చేసింది. మళ్లీ సున్నా. మూడోసారీ అంతే.

"పిల్లా, ఈ సున్నా చిన్నప్పుడు నాకు లెక్కల్లో వచ్చిన సున్నా కంటే గట్టిగా ఉందే," అంది వంకలక్క. మధ్యాహ్నం దాటినా ఆవిడ టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

ఇంతలో వాళ్లమ్మ ఫోన్.

"ఏమే, ఖాయమైందా?"

"ఇంకా లేదమ్మా."

"లేదంటే ఎలాగే? పక్కింటావిడకు చెప్పేశాను!"

"నువ్వు చెప్పావని బోర్డుకు తెలీదు కదమ్మా!"

ఫోన్ పెట్టేసి, దిక్కు తోచక, బోర్డు నడిపిస్తున్న ఫైలు ఎప్పుడు తయారైందో చూసింది. నిన్న సాయంత్రం! కొత్తవి బుద్ధిగా కొత్త అరలోకి వెళ్తున్నాయి. అక్క బోర్డు మాత్రం పాత అరలో మిగిలిన నిన్నటి ఫైలునే పట్టుకుని నడుస్తోంది. పొద్దుట్నుంచీ నూరు తయారయ్యే ఉంది, అడిగినవాళ్లే లేరు.

మూడున్నర అయింది. సెట్టింగ్ మళ్లీ పాత దారికి మార్చేస్తే నిమిషంలో నూరు వస్తుంది, పిట్టకు కూడా తెలియదు. చెయ్యి కీబోర్డు దాకా వెళ్లింది. మూత తీయని టిఫిన్ డబ్బా కనిపించింది. చెయ్యి వెనక్కొచ్చేసింది.

"అక్కా, తప్పు నాది. పొద్దున దారి మార్చాను. నీకు చెప్పలేదు."

వంకలక్క ఒంటికాలి మీద లేచింది. "అర మార్చినప్పుడు నా చెవిన ఒక ముక్క వెయ్యొద్దూ? పొద్దుట్నుంచీ పాచి ఫైలుకు పరీక్ష పెడుతున్నానా నేను?"

అరుపు విని పెద్దన్న వచ్చాడు. పిల్ల అంతా చెప్పింది.

"వద్దని రాశాను కదమ్మా?"

"ఎందుకో రాయలేదు కదన్నా."

ఆయన తల గోక్కున్నాడు. "ఇందుకే అయ్యుంటుంది. అప్పుడూ ఇలాగే ఈవిడతో తిట్లు తిన్నట్టున్నాను." పిల్ల బల్ల మీది జాబితా తీసి చూశాడు. "ఇది నువ్వేసిందా? ఏది చెరిపితే ఏం పోతుందోనని ఆరేళ్లుగా ఆ ఫోల్డర్ ముట్టుకోలేదు నేను. పాత దారి వద్దులే. బోర్డునే కొత్త అరకు తిప్పండి."

జాబితా చూసుకుంటూ పాత అరలో యంత్రం చేసిన ఫైళ్లన్నీ చెరిపారు. వంకలక్క బోర్డుకు కొత్త దారి చూపింది. నాలుగుకు ఐదు నిమిషాలుండగా ముగ్గురూ బోర్డు ముందు నిలబడ్డారు.

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. నూరు.

"రేపట్నుంచి ట్రయల్ లేదు, నేరుగా పనే," అన్నాడు పెద్దన్న.

"వెయ్యో మనిషి వస్తేనో?" అంటూ వంకలక్క డబ్బా మూత తీసింది.

అమ్మకు ఫోన్ చేసే ముందు సర్దుళ్ల పిల్లకు ఒక పని మిగిలింది. సెట్టింగ్ పైనున్న పాత మాట తీసేసి, ఇలా రాసింది: ‘ఈ దారి మార్చవచ్చు. మార్చే ముందు పరీక్షల అక్కకు చెప్పాలి. ఎందుకో ఆవిడనే అడగండి, చక్కగా చెబుతుంది.’