మొదటి రోజు ఒక్క గంటే

బట్టల షాపులో పిల్లల విభాగం చూసే ఆవిడను తోటి అమ్మాయిలంతా అక్క అనేవారు. పొద్దున పదింటికి కౌంటర్ వెనక నిలబడితే మళ్లీ షట్టర్ దించేటప్పుడే కదలడం. గౌన్లు పరిచి చూపించాలి, కొనకుండా పోతే నవ్వుముఖంతోనే మడత పెట్టాలి. పద్నాలుగేళ్లలో ఆమె పని మధ్యలో కూర్చోగా చూసినవాళ్లు లేరు. మడమల్లో నొప్పి మొదలైతే వయసు మీద పడుతోందని సరిపెట్టుకుంది. సరిపెట్టుకోవడం ఆ షాపులో అందరికీ వచ్చిన విద్యే.

నొప్పి ముదిరాక డాక్టరు బూట్లలో పాదాల కింద పెట్టుకునే అట్టలు రాసిచ్చారు. పాదం కొలత తీసుకుని వాటిని చేసినాయన మరీ మరీ చెప్పాడు.

"మొదటి రోజు ఒక్క గంటేనమ్మా. తర్వాత రోజుకో గంట పెంచండి. పాదం మెల్లగా దారికొస్తుంది."

అక్క బుద్ధిగా తలూపింది. కానీ గంటయ్యాక అట్టలు తీయాలంటే బూటు విప్పాలి, విప్పాలంటే కూర్చోవాలి. షాపులో కుర్చీలు కొనేవాళ్లవి. కౌంటర్ పట్టుకుని ఒంటికాలి మీద తంటాలు పడుతుంటే సూపర్‌వైజరు చూసింది.

"ఏంటమ్మా ఆ సర్కసు? కస్టమర్లు వస్తున్నారు."

అక్క గబుక్కున కాలు దించేసింది. ఎంతసేపు వేసుకుంటే అంత తొందరగా అలవాటవుతాయిలే అని తనకు తనే సర్దిచెప్పుకుని పది గంటలూ వాటి మీదే నిలబడింది. నాలుగో రోజుకు నొప్పి మోకాళ్ల దాకా పాకింది.

"నిలబడలేకపోతే వేరే మనిషిని చూసుకోవాల్సొస్తుంది" అంది సూపర్‌వైజరు. అక్క ఇంట్లో చదువుకునే ఇద్దరు పిల్లలకు ఆ ఉద్యోగమే ఆధారం.

మర్నాడు సెలవు పెట్టి అట్టలు తిరిగిచ్చేయడానికి వాటిని చేసినాయన దగ్గరికి వెళ్లింది. "ఇవి నాకు పడలేదండీ."

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగానే ఉన్నాయే! మొదటి రోజు ఎంతసేపు వేసుకున్నారు?"

"పది గంటలు."

"నేను చెప్పిందేంటి, మీరు చేసిందేంటమ్మా?"

"తీద్దామంటే కూర్చునే చోటు లేదండీ."

ఆయన విసుగు చల్లారింది. "ఇన్నేళ్లలో ఎవరినీ అడగలేదా?"

అడగొచ్చన్న ఆలోచనే అక్కకెప్పుడూ రాలేదు. ముందు సిగ్గేసింది, ఆ వెనకే కోపం వచ్చింది. అట్టలు మళ్లీ సంచిలో వేసుకుంది.

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు, గంట కాగానే సూపర్‌వైజరు ఎదురుగా కస్టమర్ల కుర్చీలో కూర్చుని బూటు విప్పింది. గౌన్లు మడతపెడుతున్న అమ్మాయిలు అలాగే ఉండిపోయారు.

"లే! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అంది సూపర్‌వైజరు.

"కాళ్లు నొప్పెడుతున్నాయనుకుంటారు మేడమ్. మాకో స్టూలు వేయించండి. అదుంటే పని చేయగలను, లేకపోతే నావల్ల కాదు."

సూపర్‌వైజరు చేయి తన మోకాలి మీదికి పోయింది. ఆమెదీ రోజంతా నిలబడే ఉద్యోగమే.

"ఓనరుతో మాట్లాడతాను" అంది. "రెండు అడుగుతాను."

స్టూళ్లు రావడానికి మూడు వారాలు పట్టింది. అవి వచ్చాక అమ్మకాలేమీ పడిపోలేదు. ఈసారి షాపుకు వెళ్లినప్పుడు కౌంటర్ వెనక ఎవరైనా కూర్చుని కనిపిస్తే ముఖం చిట్లించకండి. నిలబడితేనే పని చేస్తున్నట్టు అనుకునే అలవాటు మనది, దాన్ని మానుకోవాల్సిందీ మనమే.