తొమ్మిదో షరతు

ఒప్పందం కాయితాలు మా కార్ఖానా గేటుకి అంటించిన రోజు అందరం ఎగబడి చదివాం. మొత్తం ముప్ఫై ఒక్క షరతులు. ఓడినవాళ్లం కాబట్టి అందులో మాకు పనికొచ్చేవి పెద్దగా ఉండవని తెలుసు, అయినా చదివాం. పొలం ఉన్నవాడు సరిహద్దు ఎక్కడ గీశారో చూసుకున్నాడు. పింఛను రావలసినవాడు పింఛను సంగతి చూసుకున్నాడు. నేను ఇరవై రెండోది చదివాను. ఊళ్లో ఉన్న మిషన్లన్నీ లెక్క ప్రకారం, నడిచే స్థితిలో అప్పగించాలి. వాటిని గెలిచినవాళ్లు సరిచూసి ఒప్పుకున్నాక, ఆ ఊరి యుద్ధ ఖైదీలను నెల రోజుల్లో ఇళ్లకు పంపుతారు. రెండుసార్లు చదివి, మూడోసారి వేలు పెట్టి చదివి, ఇంటికెళ్లి అమ్మకు పొల్లుపోకుండా అప్పజెప్పాను. మిగతా ముప్ఫై షరతులు ఏ గంగలో కలిస్తే నాకేం అనుకున్నాను. మా తమ్ముడు వాళ్ల చేతిలో చిక్కి అప్పటికి పద్నాలుగు నెలలు.

వాడు లేతు పనివాడు, ఇనప కడ్డీల్ని తిప్పుతూ కొలతకు చెక్కే మిషన్ వాడిది. యుద్ధానికి పిలుపు వచ్చాక, తన మిషన్ ఇంకెవడి చేతుల్లోనో పడటం ఇష్టంలేక, ఉన్న పదకొండు రోజులూ నన్ను పక్కన నిలబెట్టుకుని పని నేర్పాడు.

"ఇలా నిలబడక్కా. కుడి తుంటి ఆ క్యారేజీకి ఆనించు. టూలు మధ్యకి వచ్చేసరికి ఒళ్లు మొత్తం దానిమీద వెయ్యి. దాటాక వదిలెయ్యి," అన్నాడు.

చెక్కే ఉలిని, అంటే టూలును, మోసుకుంటూ మిషన్ మీద అటూ ఇటూ నడిచే బండినే క్యారేజీ అంటాం. నేను అలాగే ఆనించాను. మూడేళ్లు ఆనించాను. నా కుడి తుంటి మీద అరచెయ్యంత మేర చర్మం కాయకాచింది. లేతు పనివాళ్లందరికీ అక్కడ కాయ ఉంటుందనే అనుకున్నాను. అడగొచ్చు కదా అంటారేమో, అడగడానికి అక్కడ నాతో సవ్యంగా మాట్లాడేవాడు ఒక్కడైనా ఉంటేగా.

ముఖ్యంగా మా షెడ్డు పెద్ద, గొణుగుడు మేస్త్రి. నేను చేరిన రోజునే "ఇక కార్ఖానాకి తాళం వేసుకోవచ్చు" అని గోడకు చెప్పినట్టు చెప్పాడు. నేను చేసిన ప్రతి పీసునీ రెండుసార్లు కొలిచేవాడు. తప్పు దొరకనప్పుడల్లా ముఖం మాడ్చుకునేవాడు. నేనేదైనా చెప్పబోతే సగంలో అడ్డుపడి "చాల్లే అమ్మాయ్, పని చూడు" అనడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. మూడేళ్లలో ఒక్కరోజు కూడా ఆయన మీద నాకు మంచి అభిప్రాయం కలగలేదు. ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

మిషన్ల అప్పగింతకు ఆరు వారాలు గడువిచ్చారు. దాంతో మగాళ్లందరికీ ఎక్కడలేని పౌరుషం పుట్టుకొచ్చింది. "నడిచే స్థితిలో కావాలా, ఇస్తాం చూడు" అంటూ మూలమూలల గుసగుసలు. బేరింగుల్లో ఎమరీ పొడి, అదే ఇనుమును సానబట్టే గరుకు పొడి, పోస్తే మిషన్ వారం రోజులు బాగానే నడిచి, ఆ తర్వాత లోపల్లోపల అరిగి చస్తుంది. ఓ ఫిట్టరు జేబులో ఆ పొడి పొట్లం పెట్టుకుని వచ్చాడు. నేను వాడి జేబులో చెయ్యిపెట్టి లాగి, తీసుకెళ్లి కాలువలో పారబోశాను.

"వాళ్ల తరఫున కాపలా కాస్తున్నావా?" అన్నాడు వాడు.

"నీ తమ్ముడు ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకున్నాడు. నా తమ్ముడు అక్కడున్నాడు. మిషన్ మీద చెయ్యి పడిందా, ఆ చెయ్యి విరగ్గొడతాను," అన్నాను.

ఆ రోజు నుంచి నా పేరు కోడలు. "ఏం కోడలా, మీ అత్తారి సామాను తుడిచావా?" అని పొద్దున్నే పలకరింపు. "తుడిచాను, నువ్వు కాస్త ఆ మూతి తుడుచుకో" అని నా జవాబు. వాడన్నట్టు కాపలా కాశాను కూడా. నా ఒక్కదానిదే కాదు, అరవై మిషన్లూ రోజూ తిరిగి చూసేదాన్ని, ఎవడైనా నట్టు వదులు చేశాడేమో, నూనెలో ఏమైనా కలిపాడేమో అని. శత్రువుల సొమ్ముకు అంత సేవ చేస్తున్నందుకు నా మీద నాకే ఒళ్లు మండేది. కానీ తమ్ముడు రావాలి.

ప్రతి మిషన్‌కీ దాన్ని నడిపేవాళ్లు ఒక పత్రం నింపాలన్నారు. దోషాలేమైనా ఉంటే రాయాలి. నేను "దోషం లేదు" అని రాసి సంతకం పెట్టాను. మేస్త్రి ఆ పత్రాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"సరిగ్గా చూసే రాశావా?"

"మీకంటే సరిగ్గానే చూశాను."

ఆయన ఏదో గొణిగి కింద సంతకం పెట్టాడు. ఆయనకు మాత్రం ఏం తెలుసు? మూడేళ్లుగా ఆయన కొలిచింది పీసుల్ని. నా పీసులు ఎప్పుడూ కొలతకు సరిపోయేవి.

గడువు తీరాక వాళ్ల మనిషి వచ్చాడు. పెట్టెడు కొలత సామానుతో దిగాడు కనక ఆయన్ని కొలతలాయన అన్నాం. మన భాష మన ఆఫీసర్లకంటే శుభ్రంగా మాట్లాడతాడు, అరవడు, అందరినీ మీరు అంటాడు. అది చూస్తే ఇంకా మండుకొచ్చేది. ఒక్కో మిషన్ మీద చేతిపొడుగు ఉక్కు కడ్డీని బిగించి, తనే స్వయంగా చెక్కి, రెండు కొసల్లోనూ మధ్యలోనూ మైక్రోమీటర్ పెట్టి కొలుస్తాడు. మూడూ ఒకటే వస్తే తెల్ల సుద్దతో మిషన్ మీద గీత గీస్తాడు. రెండో రోజు మధ్యాహ్నానికి నా మిషన్ దగ్గరికి వచ్చాడు. అప్పటికి యాభై నాలుగు గీతలు పడ్డాయి.

కడ్డీ చెక్కాడు. కొలిచాడు. మధ్యలో లావు వచ్చింది. ఇంకో కడ్డీ బిగించాడు. మళ్లీ లావే. మూడోదీ అంతే. పత్రం తీసి చూశాడు.

"దోషం లేదని రాసింది ఎవరు?"

"నేనే."

"నిన్నటిదాకా పని చేసిన మిషన్ ఇవాళ ఇలా ఉందంటే ఎవరో కావాలని చేశారు. ఇలాంటిది ఒక్కటి దొరికినా ఈ ఊరి ఖైదీల జాబితా మొత్తం ఆపేస్తాం. ఇరవై రెండో షరతులోనే ఉంది."

జాబితాలో రెండు వందల పన్నెండు మంది. షెడ్డులో అందరూ నా వంక తిరిగారు. ఇన్నాళ్లూ మిషన్లు పాడుచేద్దామన్నవాళ్లే, ఇప్పుడు నేను పాడుచేశానేమోనని కొరకొరా చూస్తున్నారు. 

"మిషన్‌కేం కాలేదు. మీరు నిలబడటమే తప్పు," అన్నాను.

"ఏమిటి?"

"లేతు దగ్గర అలాగేనా నిలబడేది, కర్ర మింగినట్టు? తప్పుకోండి."

ఆయన తప్పుకున్నాడు. నేను కొత్త కడ్డీ బిగించి, తుంటి ఆనించి, టూలు మధ్యకు రాగానే ఒళ్లంతా వేసి, దాటాక వదిలాను. కడ్డీ తీసి ఆయన చేతిలో పెట్టాను. కొలిచాడు. మూడూ ఒకటే. ఇంకోటి చెయ్యమన్నాడు. అదీ ఒకటే.

"మిషన్‌కి ఎందుకు ఆనుతున్నారు?"

"అందరూ ఆనుతారుగా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి మెల్లిగా అన్నాడు. "ఎవరూ ఆనరమ్మాయ్."

 మూడేళ్లుగా నేను పని అనుకున్నది పని కాదని, అంతమంది ముందు తేలింది. కొలతలాయన మిషన్ బెడ్డు, అంటే క్యారేజీ నడిచే దారి, తుడిచి, దానిమీద ఒక ఉక్కు బద్ద నిలబెట్టి, వెనకనుంచి దీపం పెట్టి చూశాడు. మధ్యలో సన్నటి వెలుగు కనిపించింది.

"ఎవరూ పాడుచెయ్యలేదు," అన్నాడు. "ఏళ్ల తరబడి అరిగింది. క్యారేజీ అక్కడికి రాగానే ఊగుతోంది, మీ బరువుతో మీరు ఆపుతున్నారు. దీన్ని సానబట్టించొచ్చు కదా?"

"బెడ్లు సానబట్టే మిషన్ ఊరికి ఒక్కటే ఉండేది. పోయిన నెల మొదటి విడతలో మీరే పట్టుకుపోయారు," అన్నాడు మేస్త్రి.

కొలతలాయన తర్వాత నావైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "ఈ పద్ధతి మీరు కనిపెట్టిందేనా?"

నేను నోరు తెరిచేలోపు మేస్త్రి మా ఇద్దరి మధ్యకీ వచ్చాడు. నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగాడు. "చాల్లే అమ్మాయ్, కొలత సరిపోయిందిగా, పని చూడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పుడు కూడానా? ఊరందరి పిల్లల్నీ కాపాడినదాన్ని, ఇప్పుడు కూడా నన్ను నోరు మూసుకోమంటాడా? చెయ్యి విదిలించుకున్నాను.

"మీరుండండి మేస్త్రి గారూ, నన్ను చెప్పనివ్వండి," అని కొలతలాయనకు ఎదురుగా నిలబడ్డాను. "నేను కనిపెట్టలేదు. మా తమ్ముడు నేర్పాడు. నేను పదకొండు రోజుల్లో నేర్చుకున్నాను, వాడు దీన్ని తొమ్మిదేళ్లు నడిపాడు. నా పని వాడి పనిలో సగం కూడా కాదు. నమ్మకం లేకపోతే వాణ్ణే అడగండి. మీ దగ్గరే ఉన్నాడు, బొగ్గుగనుల క్యాంపులో."

"నంబరు తెలుసా?"

ఉత్తరాల మీద రాసి రాసి ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. గడగడా చెప్పేశాను. ఆయన చిన్న పుస్తకంలో రాసుకుని, థాంక్సండీ అని, నా మిషన్ మీద గీత గీశాడు. మేస్త్రి పోయి స్టూలు మీద కూచుని, సాయంత్రం దాకా ఒక్కర్నీ తిట్టలేదు. నేను గెలిచాననుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, ఆ మనిషి నోరెలా మూయించానో అమ్మకు నటించి చూపించాను. అమ్మ నవ్వింది. మర్నాడే తమ్ముడి దుప్పట్లు ఉతికి ఆరేసింది.

ఇరవై ఏడో రోజున జాబితా గేటుకి అంటించారు. రెండు వందల పదకొండు పేర్లు. పైనుంచి కిందికి చదివాను, కిందినుంచి పైకి చదివాను. నా పక్కన జనం ఒకళ్లనొకళ్లు కావలించుకుని ఏడుస్తున్నారు. కోడలా అని పిలిచే ఫిట్టరు నా ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు.

మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒప్పందం కాయితం, మడతలు పడి నలిగి ఉంది. "తొమ్మిదోది చదువు," అన్నాడు.

చదివాను. ప్రత్యేకమైన నేర్పు లేనిదే నడవని మిషన్ ఏదైనా ఉంటే, ఆ నేర్పున్న పనివాళ్లను కూడా రెండేళ్లపాటు దానితో ఇవ్వాలి. అలాంటివాడు ఇప్పటికే ఖైదులో ఉంటే, ముందు అతన్నే ఉంచుకుంటారు. రెండేళ్ల గడువు తీరాకే విడుదల.

"ఆరోజే చెప్పకపోయారా?"

"వాడి ఎదురుగానా? చొక్కా పట్టుకుని లాగాను. ఇంకెలా చెప్పను?"

"నేనే కనిపెట్టానని చెప్పి ఉంటే?"

"నిన్ను తీసుకుపోయేవాళ్లు."

"పోయేదాన్ని కదా మేస్త్రి గారూ. సంతోషంగా పోయేదాన్ని."

"పోయేదానివి," అన్నాడాయన. కాయితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. పేరు లేదని చెప్పాను. తొమ్మిదో షరతు చెప్పాను. మిషన్ నడపడానికి వాణ్ణి రెండేళ్లు అక్కడే ఉంచేస్తారని చెప్పాను. అమ్మ ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"మిషన్ వాడికి వచ్చని వాళ్లకెలా తెలిసింది? వాడు గనుల్లో బొగ్గు మోస్తున్నాడు. ఎవరు చెప్పారు?"

నేను వంగి చెప్పులు విప్పుకున్నాను.

"ఆ గొణుగుడు మేస్త్రి గాడే. నువ్వంటే మొదట్నుంచీ పడి చావదుగా. నీమీద కసి నా బిడ్డ మీద తీర్చుకున్నాడు. ఆ చెప్పినవాడి నోరు పడిపోను. ఆ నాలుక తెగిపడి, జన్మలో మాట రాకుండా పోను."

కొంగు బిగించి మెట్లు దిగింది. మేస్త్రి ఇల్లు మా వీధి చివరే. పోయి నడివీధిలో నిలబెట్టి కడిగేస్తుంది, వీధంతా ఆమె మాటే నమ్ముతుంది. ఆయన కూడా, నాకు తెలిసి, ఎదురు చెప్పడు. రెండిళ్లు దాటేదాకా నేను అమ్మను ఆపలేదు. ఆపకూడదనే అనుకున్నాను. ఆ తర్వాత పరిగెత్తాను.

"మేస్త్రి కాదమ్మా. ఆయన ఆపబోయాడు. నేనే చెప్పాను."

అమ్మ ఆగి వెనక్కి తిరిగింది. చాలాసేపు నా నోటివంకే చూసింది. తిట్టిన తిట్టు వెనక్కి తీసుకోలేదు.