దాలయ్యకు తెలియని నూనె

ఖుర్సీపార్‌లో తెలుగువాళ్లుండే వీధుల్లో ఎవరింట్లో ఏది కిర్రుమన్నా దాలయ్య దగ్గరకే పరిగెత్తుతారు. కుట్టుమిషన్‌కి ఏ నూనె, సీలింగు ఫ్యాన్‌కి ఏ గ్రీజు, స్కూటర్లో ఎన్నో నంబరు ఆయిలు, అన్నీ ఆయనే చెప్పాలి. స్టీలు ప్లాంటు రైల్ మిల్లులో ముప్పై మూడేళ్లు లూబ్రికేషన్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, ఇది ఫలానా నంబరు, ఇన్నాళ్లు వాడారు అని చెబితే ఇంజనీర్లు కూడా నమ్మేవారు. అందులో అబద్ధం లేదు. తనకి తెలియని నూనె ఈ భూమ్మీద లేదని ఆయన అనుకుంటాడు చూడండి, అబద్ధమల్లా అక్కడుంది. పక్కింటి అప్పయమ్మ మోకాళ్ల నొప్పులని వస్తే దానికీ ఒక నూనె చెప్పాడు. ఆవిడ పాపం రాసుకుంది కూడా.

అలాంటి మనిషి గుమ్మంలోకి డిసెంబరు మొదటి వారంలో రజనీకుమారి వచ్చింది. ఆమె భర్త గురునాథరావు ఇరవై ఏళ్లు ఒక బ్యాంకులో సొంత తుపాకీతో గన్‌మ్యాన్‌గా చేసి, నిరుడు గుండెపోటుతో పోయాడు. పన్నెండు బోరు సింగిల్ బ్యారెల్ తుపాకీ ఇంట్లోనే ఉండిపోయింది. దుర్గ్ కలెక్టరాఫీసు చుట్టూ పదకొండు నెలలు తిరిగి ఆమె ఆ లైసెన్సు తన పేర మార్పించుకుంది. ఇప్పుడొక సెక్యూరిటీ కంపెనీ వాళ్లు ఆమెని బ్యాంకు గార్డుగా తీసుకుంటామన్నారు. ఒకటే షరతు. సోమవారం వాళ్ల గ్రౌండులో తుపాకీ చూపించాలి, రెండు రౌండ్లు కాల్చాలి. తుపాకీ బాగుంటే ఒకటో తారీఖు నుంచి డ్యూటీ. బాగోలేదంటే ఆ చోటుకి ఇంకో మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని రజనీకుమారి ఆ ఉద్యోగం మీదే ప్రాణం పెట్టుకుంది.

"ఆయన రాసే నూనె సీసా అయిపోయిందన్నయ్యా. దాని మీద పేరు కూడా సెరిగిపోయింది. ఏది కొనాలో మీరైతే సెప్తారని వచ్చేను" అంది.

ఆ క్షణాన దాలయ్య తెలియదని ఒక్క మాట అనుంటే ఈ కథే లేదు. ఆయన చేత్తో పట్టిన గన్ను ప్లాంటులో గ్రీజు కొట్టే గన్ను ఒక్కటే. కానీ తెలియదనే మాట ఆయన నోటికి అలవాటు లేదు. పైగా టీ గ్లాసులు పట్టుకుని భార్య కనకమహాలక్ష్మి అక్కడే నిలబడి ఉంది. తుపాకీ సంగతి తనకొదిలేసి నిశ్చింతగా ఉండమన్నాడు. రజనీకుమారి ఇంకేదో చెప్పబోయింది. ఆదివారాలు ఆయన ముందుగా ఏం చేసేవాడంటే అని మొదలుపెట్టింది. దాలయ్య చెయ్యెత్తి ఆపేశాడు. మీ ఆయన మంచివాడేనమ్మా గానీ ఇనుము సంగతి నాకు తెలుసు కదా అన్నాడు. ఆమె టీ తాగి వెళ్లిపోయింది.

మర్నాడే దాలయ్య దుర్గ్ బస్సెక్కి తుపాకుల దుకాణానికి వెళ్లాడు. అక్కడికి వెళ్లాక తెలిసింది లోతెంతో. కౌంటరు మీద ఆ దుకాణదారు వరసగా సీసాలు పేర్చాడు. ఇది తుపాకిమందు మసిని కరిగించేది. ఇది గొట్టంలో అంటుకున్న గుళ్ల సీసపు పొరని వదలగొట్టేది. ఇది తుడిచాక పలచగా రాసే నూనె. ఈ చిన్న ట్యూబు తుపాకీ మడిచే కీలుకి మాత్రం. మసి కరిగించేది రాస్తే నూనె కూడా కొట్టుకుపోతుంది కాబట్టి తర్వాత నూనె తప్పదు, కానీ కాల్చేముందు ఆ నూనె మళ్లీ తుడవాలి. దాలయ్య బుర్ర ఊపుతూనే ఉన్నాడు. చివర్న ఆ మనిషి ఇంకో సీసా తీసి, ఇవేవీ వద్దనుకుంటే ఇదొక్కటి చాలు, కడుగుతుంది, జారుడిస్తుంది, తుప్పు పట్టనివ్వదు అన్నాడు.

దాలయ్యకి తల తిరిగింది. కడిగేది కడుగుతుంది, కాపాడేది కాపాడుతుంది. రెండూ ఒకటే ఎలా అవుతాయి? ప్లాంటులో ఎవడైనా ఇలా అంటే సెక్షన్ నుంచి తోలేసేవాళ్లు. రాసిన నూనెని మళ్లీ తుడవడమేమిటి, అలాంటప్పుడు రాయడం దేనికి? ఆ ముక్క అడుగుదామనుకున్నాడు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది. వట్టి చేతులతో బస్సెక్కాడు.

ఇంటి దగ్గర ఎదురింటి రవికాంత్ చేత ఫోనులో వీడియోలు పెట్టించాడు. ఒకడు తలుపు బందులకి కొట్టే స్ప్రే డబ్బా చాలన్నాడు. రెండోవాడు ఆ స్ప్రే కొట్టినవాడికి తుపాకీ ఉండే అర్హతే లేదన్నాడు. మూడోవాడు కిరోసిన్ అన్నాడు. నాలుగోవాడు చలిదేశపువాడు, మంచులో నూనె గడ్డకడుతుంది కాబట్టి అసలు రాయొద్దన్నాడు. తెలుగులో ఒకాయన కొబ్బరినూనె దగ్గర మొదలుపెట్టి గోమాత దగ్గర తేలాడు. శుక్రవారం సాయంత్రానికి దాలయ్యకి తను ముప్పై మూడేళ్లు ఏం చేశాడో కూడా అయోమయంగా అనిపించింది. అన్నం సయించలేదు. ఏమైందని కనకమహాలక్ష్మి అడిగితే విసుక్కున్నాడు.

ఇక మనిషి తనకి తెలిసిన చోటుకే చేరుకున్నాడు. రిటైరైన రోజున సెక్షన్ వాళ్లు శాలువాతోపాటు సరదాకి ఒక డబ్బా మిల్లు గ్రీజు ఇచ్చారు. ఎర్రగా కాలిన పట్టాల కింద తిరిగే బేరింగుల గ్రీజు అది. ఎంత వేడికీ కారదు. తుపాకీలో మాత్రం వేడి ఉండదా, రాపిడి ఉండదా? దానికి పట్టించే పద్ధతి కూడా ఆయనకి కొట్టిన పిండి. ఒక వైపు నుంచి ఎక్కిస్తూ పోవాలి, పాతదంతా అవతలి వైపు నుంచి బయటపడి, దాని వెనకాల కొత్తది తళతళలాడుతూ కనబడేదాకా ఆపకూడదు. బేరింగు బతకాలంటే అదే.

లైసెన్సు ఆమె పేర ఉంది కాబట్టి ఆమె లేకుండా తుపాకీ ఇల్లు దాటకూడదు. అందుకని శనివారం మధ్యాహ్నం దాలయ్యే సంచీ పట్టుకుని రజనీకుమారి ఇంటికి వెళ్లాడు. ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. దాలయ్య చీపురుపుల్లల కట్టకి గుడ్డ చుట్టి, గొట్టం వెనక నుంచి గ్రీజు కూరడం మొదలుపెట్టాడు. కూరగా కూరగా అది మూతి దగ్గర బయటికొచ్చింది. ఆ నల్లటి ముద్ద చూసి ఆయనకి మూడు రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చింది.

"అన్నయ్యా, గొట్టంలోనా..." అంది రజనీకుమారి.

"గొట్టంలోనే తల్లీ. అసలు రాపిడంతా అక్కడే" అన్నాడు.

మరి కాల్చేటప్పుడో అని ఆమె నసిగింది. మొదటి గుండే దాన్ని తోసుకుపోతుందని దాలయ్య ధీమాగా చెప్పాడు. రెండు చివర్లూ తుడిచి, పైనంతా పలచగా పట్టించి, కర్రకి కూడా ఒక చెయ్యి వేశాడు. తుపాకీ పెళ్లికొడుకులా మెరిసింది. రజనీకుమారి కళ్లు గొట్టం మూతి మీదే ఉన్నాయి. దాలయ్య దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

సోమవారం పొద్దున్న ఆమెకి తోడుగా గ్రౌండుకి తనే వెళ్లాడు. మంచు ఇంకా విడలేదు. ఒక టేబులు వెనక రిటైరైన సుబేదారు మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. ముందు ఇద్దరున్నారు, రజనీకుమారి మూడోది. మొదటివాడి తుపాకీ మడిచి సుబేదారు ఒక కడ్డీకి తెల్లగుడ్డ చుట్టి గొట్టంలోంచి లాగాడు. గుడ్డ మీద అర్ధరూపాయంత నూనె మరక తేలింది. అంతే, ఆయన లేచి నిలబడ్డాడు. కాల్చే తుపాకీ గొట్టంలో నూనె నిలవుంచుతావా, గొట్టం పేలితే నీ వేళ్లు నువ్వే ఏరుకోవాలి అని హిందీలో కడిగేసి, అతని కాగితం మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

దాలయ్య లెక్క చూసుకున్నాడు. అది ఒక మరక. తను కూరింది పావు డబ్బా. తన చేతులతో తనే ఈ అమ్మాయి ఉద్యోగం తీసేశాడు. ఉద్యోగమే అయితే ఇంకా నయం. ఆ సుబేదారు చూడకుండా కాల్చమనుంటే? ఇద్దరు పిల్లల మొహాలు ఆయన కళ్లముందు మెదిలాయి. సిగ్గు ఉండవలసిన చోట ఇప్పుడు భయం తప్ప ఇంకేమీ లేదు.

"రజనీ, లైనులోంచి వచ్చీయమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "నాకు తుపాకీ గురించి ఏటీ తెలీదు. తెలుసని అబద్ధమాడేను. గొట్టం నిండా గ్రీజుంది. కాలిస్తే పేలిపోద్ది."

ఆమె ఆయన వైపు చూసి మెల్లగా అంది. "లేదన్నయ్యా. పొద్దున్నే తీసీసేను."

ఆయనకి అర్థం కాలేదు. ఎలా తీశావని అడిగేలోపు రెండోవాడి వంతు కూడా అయిపోయి సుబేదారు ఆమె పేరు పిలిచాడు. కడ్డీ గొట్టంలోంచి వెళ్లి ఇవతలికొచ్చింది. గుడ్డ తెల్లగా ఉంది. సుబేదారు దాన్ని వెలుతురుకి పట్టి చూసి, గొట్టంలోంచి ఆకాశాన్ని కూడా చూసి, ఇది ఎవరు శుభ్రం చేశారని అడిగాడు. ఆయన గొంతులో మెప్పు ఉంది.

రజనీకుమారి వెనక్కి తిరిగి దాలయ్యని చూపించింది. మా అన్నయ్య, ప్లాంటులో ఆయిలు డిపార్టుమెంటు అని హిందీలో చెప్పింది. ఆయన పరువు నిలబెట్టాలనే చెప్పింది పిచ్చిపిల్ల.

సుబేదారు చేతిలో కలం ఆగిపోయింది. ఎవరి ఆయుధం వాళ్లే శుభ్రం చేసుకోవాలి, అది కంపెనీ మొదటి నియమం అన్నాడు. డ్యూటీలో వాన పడితే మీ అన్నయ్య వస్తాడా అని అడిగాడు. రజనీకుమారి తల దించుకుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి తెలుస్తోంది గానీ అన్న మాట వెనక్కి తీసుకుంటే పెద్దాయన నలుగురిలో అబద్ధాలకోరు అవుతాడు. ఆ మెప్పు, పాపం, అప్పటికీ దాలయ్యకి బాగానే ఉంది. అయినా టేబులు దగ్గరకు నడిచాడు.

"నహీ సాబ్. ఇస్‌నే ఖుద్ కియా. ముఝే ఇస్‌మే కుఛ్ నహీ ఆతా" అన్నాడు. ఆమే చేసుకుంది, నాకిందులో ఏమీ రాదు అని. ముప్పై మూడేళ్లలో ఏ ఇంజనీరు దగ్గరా ఆయన అనని మాట అది. ఇక్కడ ఎంత గట్టిగా అన్నాడంటే పక్కనున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

సుబేదారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, అయితే నా ముందు చేసి చూపించు అని తుపాకీ, శుభ్రం చేసే సామానూ ఆమె ముందు పెట్టాడు. రజనీకుమారి చీర కొంగు దోపుకుని కూర్చుంది. తుపాకీని మూడు ముక్కలుగా విప్పింది. గొట్టంలో మొదట బ్రష్షు, తర్వాత మసి కరిగించేదానితో తడిపిన గుడ్డ, తర్వాత పొడిగుడ్డ. వేలి కొస మీద ఒక్క చుక్క నూనె తీసుకుని కీలుకి రాసి, దాన్ని కూడా మళ్లీ తుడిచేసింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఇరవై ఏళ్ల ఆదివారాలు ఎదురుగా కూర్చుని చూసిన పని అది. రాసిన నూనెని ఎందుకు తుడవాలో దాలయ్యకి ఇప్పటికీ అర్థం కాలేదు గానీ ఈసారి నోరు మూసుకుని చూశాడు. తర్వాత రెండు రౌండ్లు కాల్చింది. సుబేదారు ఆమె పేరు రిజిస్టరులో రాసి, యూనిఫారం కొలతలకి శుక్రవారం రమ్మన్నాడు.

తిరిగొచ్చే ఆటో పవర్‌హౌస్ చౌరస్తా దాటింది.

"ఆ గ్రీజంతా తియ్యడానికి ఎంతసేపు పట్టిందమ్మా?" అని అడిగాడు దాలయ్య.

"నాలుగింటికి లేసేను. తీసీసరికి ఏడయ్యింది."

"మరి నన్నొక కేకెయ్యలేకపోయేవా?"

రజనీకుమారి ఒళ్లోని తుపాకీ సర్దుకుంది. "పిలిస్తే మీరొచ్చి ఇంకోటి రాసీవోరు కదన్నయ్యా" అంది.

దాలయ్య ఆలోచించాడు.

"రాసీవోణ్ణే" అన్నాడు.