నలభై తొమ్మిదో బటన్

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు మా అత్త మాయక్కాళ్ మంచం మీదినుంచి పడింది. కుడి తుంటి విరిగింది. ఆ సమయంలో నేను వంటింట్లో దోసెపిండి రుబ్బుతున్నాను. విరుదునగర్‌లో మా ఇంటి హాల్లో ఆమె మంచం. అక్కడినుంచి వంటింటికి పదకొండు అడుగులు.

ఆమెకు డెబ్బై ఒకటి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. అప్పటికి నేను కోవిల్‌పట్టిలో రిమోట్లు తయారుచేసే కంపెనీలో, టెస్టింగ్ లైన్‌లో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. రాజీనామా రాస్తుంటే మా ఆయన హరికృష్ణన్ నవ్వారు. బటన్ నొక్కే ఉద్యోగానికి లెటర్ ఒకటా, రేపటినుంచి పోకుంటే సరి అన్నారు. ఆయనది పప్పుమిల్లు ఆఫీసులో పని. ఆయన మానుకునే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మనిషిని పిలవడానికి అత్తకు మాట లేదు. కాలింగ్ బెల్ స్విచ్ చేతికిస్తే విసిరేసేది. టీవీ రిమోట్‌ను మాత్రం ఎడమచేతిలోంచి వదిలేది కాదు. అందుకని కంపెనీలో నాతో పనిచేసినామెను అడిగి, నేర్చుకునే రకం రిమోట్ ఒకటి తెప్పించాను. పాత రిమోట్‌ను దాని ఎదురుగా పెట్టి ఒక్కో బటన్ నొక్కితే, ఆ సిగ్నల్‌ను ఇది తన మెమరీలో ఉంచుకుంటుంది. దాని మీద బటన్లు ఇంకా ఎక్కువే ఉన్నా, మెమరీలో నలభై ఎనిమిదింటికే చోటు. టీవీకి పన్నెండు నేర్పాను, సెట్‌టాప్ బాక్సుకు ఇరవై ఒకటి. అడుగున విడిగా ఉన్న మూడు బటన్లలో ఎర్రదానికి రిమోట్‌తో మోగే బెల్లు ఒకటి నేర్పాను. మంచానికి ఎదుటి గోడకు రిసీవర్ బిగించి, వైరు లాగి, బెల్లును గ్రైండరుకు సరిగ్గా పైన పెట్టాను. గ్రైండరు తిరుగుతున్నా వినపడాలని. అత్త ఒక పూటలో నేర్చుకుంది. మొదటిరోజు సాయంత్రం పందొమ్మిదిసార్లు నొక్కింది. ఇంట్లోనే ఫ్యాక్టరీ పెట్టేసినావే అన్నారు మా ఆయన. ఏప్రిల్‌లో ఏసీ పెట్టించి, దాని బటన్లు కూడా ఇందులోనే ఉండాలన్నారు. పద్నాలుగు నేర్పాను. దాంతో నలభై ఎనిమిదీ నిండాయి. ఇక చోటు లేదని, నలభై తొమ్మిదోది నేర్పబోతే లైటు మూడుసార్లు మిణుకుమని ఆగిపోతుందని ఆయనకు చెప్పాను. ఆయన ఫోన్ చూసుకుంటూ ఊఁ అన్నారు.

ఆస్పత్రికి అరుప్పుకోట్టైనుంచి ఆయన అక్క వేలమ్మాళ్ వచ్చింది. వార్డులో అందరికీ వినపడేలా అడిగింది.

"పట్టపగలు పండుకోనుంటివా రంజనీ?"

"పిండి రుబ్బుతా ఉంటిని వదినె."

"అదే చెప్పు. ఆ గ్రైండరు సత్తంలో మా అమ్మ చచ్చినా నీకు వినపడదు."

ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. వదిన మాట నేను నమ్మాను. బెల్లు మోగే ఉంటుంది, నేనే వినలేదు అనుకున్నాను. రెండేళ్ళలో ఎన్నిసార్లు మోగినా విన్న చెవులు ఆ ఒక్కసారి ఎందుకు వినలేదని ఆలోచించాను. ఆ సమయంలో ఏదైనా తలచుకుంటున్నానా, పిండిలో నీళ్ళు చూస్తున్నానా, కొళాయి తిప్పానా అని ఒక్కో నిమిషాన్ని తవ్వుకున్నాను. పక్కమీద అత్త ఎడమచేతి బొటనవేలు దుప్పటిని ఒత్తుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఒత్తుతోంది. నర్సు చూసి వణుకు అంది.

బుధవారం ఉదయం బట్టల కోసం ఇంటికి వెళ్ళాను. రిమోట్ మంచం కింద ఉంది. ఎర్ర బటన్ నొక్కాను. బెల్లు మోగలేదు, రిమోట్‌లో లైటు కూడా వెలగలేదు. నేర్పిన బటన్ అయితే లైటు వెలుగుతుంది. టీవీ బటన్ నొక్కితే టీవీ వచ్చింది, అంటే బ్యాటరీలు బాగున్నాయి. మిగతావన్నీ వరుసగా నొక్కుతూ పోయాను. నేను నేర్పని బటన్ ఒకదానికి లైటు వెలిగింది. ఏసీ రెక్క పైకీ కిందికీ ఊగడం మొదలుపెట్టింది.

ఆస్పత్రి వరండాలో ఆయన్ను అడిగితే చెప్పారు.

"ఆదివారం ఏసీ రెక్క తిప్పే బటన్ నేర్పితిని. చోటు లేదనె. తుడిస్తే అడుగున మూడు బటన్లూ కలిపే తుడవాలంట. రెండు ఊరికే ఉండె, పోయేది ఒకటే గదా అని తుడిచేస్తిని."

"అది అత్త పిలిచే బటన్."

"నీకు చెప్పినా అనుకుంటిని." వార్డువైపు చూశారు. "అక్క ముందర ఈ మాట వద్దు రంజనీ."

వార్డులోకి వెళ్ళాను. అత్త బొటనవేలి కింద నా అరచెయ్యి పెట్టాను. నొక్కింది. ఆగి, నా మొహం చూసి, మళ్ళీ నొక్కింది. వదినవైపు తిరిగి, ఆమె నన్ను ఎంత గట్టిగా అడిగిందో అంత గట్టిగా చెప్పాను. అత్త పిలిచింది, బెల్లు మోగలేదు, మీ తమ్ముడు ఆదివారం ఆ బటన్ తుడిచేసినారు అన్నాను. పక్క మంచం దగ్గరున్న ఆమె తల తిప్పి చూసింది. వదిన తమ్ముణ్ణి చూసింది. ఆయన కిటికీవైపు తిరిగారు.

"మొగవానికి ఈ మిషన్ల సంగతి ఏం తెలుసు?" అంది వదిన. "వాని చేతికి అందేటట్ల ఎందుకు పెడితివి?"

అత్త గుండె బలంగా లేదు, ఆపరేషన్ కుదరదు అన్నారు డాక్టర్లు. ఇక లేచి కూర్చోదు అన్నారు. శుక్రవారం కోవిల్‌పట్టికి ఫోన్ చేశాను. లైన్‌లో చోటు ఉంది, సోమవారం రమ్మన్నారు. శనివారం అత్తను ఇంటికి తెచ్చాక ఆయనకు చెప్పాను. అమ్మను ఎవరు చూసేది అని అడిగారు. మందుల వేళలు రాసిన కాగితం ఆయన చేతికిచ్చాను.

సోమవారం ఉదయం ఆరూ యాభై బస్సెక్కాను. ఎనిమిదిన్నరకు లైన్‌లో కూర్చున్నాను. పదకొండు గంటల టీ విరామంలో ఫోన్ చూస్తే ఆయన దగ్గరినుంచి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి, తొమ్మిదీ నలభై రెండుకు ఒక మెసేజ్ ఉంది. అమ్మ పక్క తడిపింది, ఎట్లా తిప్పేది అని. పదకొండూ ఆరుకు జవాబు పెట్టాను. ఒక్కరే తిప్పకూడదు, ఇద్దరు కావాలి, వదినెను పిలవండి అని.