తానుగా అన్న మాట

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. బెంగళూరు హనుమంతనగర్‌లో కృష్ణప్ప ఇంట్లో ఆ సామెత చెల్లదు. అక్కడ మగవాడు నోరు తెరిచి అడిగాడంటే ఆడదానికి నామోషీ. అనసూయ కాపురానికొచ్చిన మూడో రోజున భోజనాల దగ్గర కృష్ణప్ప "మజ్జిగ" అన్నాడు. అంతే, అత్తగారు పిల్లమ్మ కోడల్ని వంటింట్లోకి పిలిచి, "వాడు అడిగేదాకా నీ కండ్లు యాడ పెట్టుకోనుండావు?" అని నిలదీసింది. ఆ తరువాత నలభై ఒక్క ఏళ్లలో కృష్ణప్పకు ఆ ఇంట్లో ఏదీ అడగవలసిన అవసరం రాలేదు. చెయ్యి కదిలితే గ్లాసు, కనుబొమ్మ లేస్తే కండువా. బంధువుల్లో అనసూయకున్న మంచి పేరంతా దాని మీదే నిలబడింది. ఆమె గర్వం కూడా.

కృష్ణప్ప మాటలన్నీ చిక్కపేటలో ఖర్చయ్యేవి. తండ్రి పెట్టిన చీరల హోల్‌సేల్ అంగడి అక్కడుంది. తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ, వచ్చినవాడి భాషలోనే వాడితో బేరమాడి, ఇంటికి చేరేసరికి నోరు కట్టేసుకునేవాడు. అటువంటి మనిషి మాఘమాసంలో ఒక ఉదయం అంగడి షట్టరు ఎత్తబోతూ కుప్పకూలాడు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉన్నాక కాలీడ్చుకుంటూ నడక వచ్చింది. మాట రాలేదు.

డాక్టరు కాగితం మీద స్పీచ్ థెరపీ అని రాసిచ్చాడు. అనసూయ అదేదో మందనుకుని, "పొద్దున వెయ్యాల్నా, రాత్రి వెయ్యాల్నా?" అని అడిగింది. కొడుకు భరత్ తల వంచుకుని, "మందు కాదమ్మా, మాటలు నేర్పించేది" అన్నాడు. అరవై ఆరేళ్ల మనిషికి మాటలు నేర్పించడమేమిటని ఆమెకు కోపం వచ్చింది.

థెరపిస్టు పేరు చైత్ర. కోలారు పిల్ల, ముప్పై ఏళ్లుండవు. మందుల షాపు పైన రెండు గదులు తీసుకుంది. బల్ల మీద ఒక గ్లాసు, దువ్వెన, తాళంచెవి, బొమ్మల అట్టలు. సూది లేదు, మిషను లేదు. ఈ పిల్ల ఆడుకునే సామానుతో మాట వస్తుందా అని అనసూయ మొదటి రోజే పెదవి విరిచింది.

"అయ్యకు బుద్ధి యాడికీ పోలేదమ్మా" అంది చైత్ర. "అన్నీ తెలుస్తా ఉండాయి. తెలిసినదానికి మాట దొరకడం లేదు. వెతుక్కోవాల. మనం వెతకనిస్తేనే దొరుకుతుంది."

"ఎన్ని దినాలకు దొరుకుతుంది?"

"అది నేను చెప్పలేను. మొదటి ఆరు నెలలు తొందరగా వస్తాది. తరువాత కూడా వస్తాది గానీ నిదానం. మునుపటి మాదిరే అంతా వచ్చేస్తాదని చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. వారానికి రెండు దినాలు ముప్పావు గంట నా దగ్గర కూర్చుంటాడు. మిగతా పొద్దంతా మీ దగ్గరే. అసలు వైద్యం మీ ఇంట్లో జరగాల."

అని ఆమె కృష్ణప్ప వైపు తిరిగింది. "అయ్యా, మీ పేరు కృష్ణప్పనా?" కృష్ణప్ప తల ఊపాడు. "మీ పేరు రామస్వామినా?" మళ్లీ అలాగే ఊపాడు. "మనం ఉండేది మద్రాసులోనా?" దానికీ ఊపాడు, గంగిరెద్దులా.

"చూసినారు కదా. అవునూ కాదూ ఆయనకు కలిసిపోయినాయి. ఇప్పటికి ఈ తల ఊపుడును నమ్మొద్దండి. పెద్ద విషయం ఏదైనా అడగాలంటే నన్ను పిలవండి. వస్తువులు ముందర పెట్టి, బొమ్మలు పెట్టి, మార్చి మార్చి అడుగుదాం."

తరువాత ఒక పొడుగు నోటుపుస్తకం ఇచ్చింది. పేజీకి నాలుగు గడులు. తేదీ, ఆయనకు కావలసింది, ఎంతసేపు ఆగారు, తానుగా అన్న మాట. "గ్లాసు కనబడేటట్టు పెట్టండి, అందకుండా పెట్టండి. మనసులో పది లెక్కపెట్టండి. నోట్లో మాట మీరు పెట్టొద్దు. ఏ సద్దు చేసినా చాలు, అప్పుడియ్యండి. రోజూ అరగంట అంకెలు చెప్పించండి. వరసగా నోటికి అలవాటైనవి ముందు వస్తాయి."

ఇంటికొచ్చి అనసూయ ప్రయత్నించకపోలేదు. మరునాడు అన్నం ముందు నీళ్ల గ్లాసు దూరంగా పెట్టింది. కృష్ణప్ప గ్లాసు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఎడమ చెయ్యి చాచాడు, అందలేదు. పెదవులు ఒక పక్కకు లాగుకుపోయాయి, మెడ నరాలు తేలాయి, నుదుట చెమట పట్టింది. ఆమె ఒకటి అనుకుంది, రెండు అనుకుంది. మూడు అనుకునేలోపు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఒక్క ఏళ్ల కిందటి వంటింట్లోంచి అత్తగారు కేకేసినట్టయింది. గ్లాసు ఆయన నోటికి అందించి, కొంగుతో మూతి తుడిచి, "నువ్వు అడగొద్దు, నేనుండా" అంది. ఎప్పుడూ మీరు తప్ప అనని మనిషి ఆ రోజు బిడ్డతో అన్నట్టు నువ్వు అనేసింది.

సాయంత్రం పుస్తకం తెరిచింది. ఖాళీగా పెడితే ఆ పిల్ల ఏమనుకుంటుంది? మూడో గడిలో "పది" అనీ, నాలుగో గడిలో "నీళ్లు" అనీ రాసింది.

ఒక అబద్ధం ఒంటరిగా ఉండలేదు కదా. మరుసటి రోజు "కాఫీ" రాసింది. వారానికి "మజ్జిగ" వచ్చింది. ఒక రోజు ఉప్మా పెడితే "వద్దు" అన్నాడని రాసింది. భర్త ఎన్నడూ పేరు పెట్టి పిలవని ఆ మనిషి ఒక రోజు నాలుగో గడిలో "అనసూయ" అని కూడా రాసుకుంది. రాసి, చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. పుస్తకంలో కృష్ణప్ప రోజురోజుకూ మాట్లాడుతున్నాడు. ఇంట్లో కృష్ణప్పకు మాత్రం చెయ్యి కదిపితే గ్లాసు, కనుబొమ్మ ఎత్తితే కండువా, మునుపటికంటే రెండింతలు తొందరగా అందుతున్నాయి. "ఇంట్లో వచ్చేది నా ముందర రాకుండా ఉండాది, ఇక్కడ బెదురుతా ఉండాడేమో" అని చైత్ర పైకే అనుకునేది. అనసూయ గోడ మీది క్యాలెండరు చూసేది.

నాలుగు నెలలు గడిచాయి. అంగడి మూసే ఉంది. భరత్ ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగం వదిలి చీరలమ్మే రకం కాదు. పక్కంగడి కౌశల్ మంచివాడే, అంగడి కొనుక్కుని నడుమ గోడ కొట్టేసి రెండూ ఒకటి చేసుకుంటానని కబురు పెట్టాడు. భరత్ మాత్రం, "నాయన సరే అంటేనే" అని పట్టుబట్టాడు. ఒక ఆదివారం వకీలు కాగితాలతో ఇంటికొచ్చాడు.

భరత్ తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుని అంతా విడమరిచి చెప్పాడు. "అంగడి కౌశల్‌కు ఇచ్చేద్దామా నాయనా?"

కృష్ణప్ప కాగితాల వైపు చూశాడు. కొడుకు వైపు చూశాడు. అనసూయ వైపు చూశాడు, ఎక్కువసేపు. ఎడమ చేత్తో కాగితం అంచు పట్టుకుని తన వైపు లాక్కున్నాడు. తరువాత తల ఊపాడు.

"సరే అంటా ఉండాడా అమ్మా?" భరత్ ఆమె వైపు తిరిగాడు. "నీ పుస్తకం చూసినా. వద్దనే మాట వస్తా ఉండాది కదా. ఇష్టం లేకుంటే వద్దనే అంటాడు."

అప్పుడు చెప్పాల్సింది. తల ఊపుడును నమ్మొద్దని చైత్ర చెప్పిందిరా, ఆ పుస్తకంలో ఉన్నదంతా నా చేతి మాటలే అని చెప్పేస్తే సరిపోయేది. కానీ వకీలు ఎదురుగా కూర్చున్నాడు, కోడలు భవ్య కాఫీలు పట్టుకుని నిలబడింది. అంతమందిలో అబద్ధాలకోరు అనిపించుకోవడానికి అనసూయకు ప్రాణం ఒప్పలేదు. నిజం చెప్పాలంటే అదొక్కటే కాదు. అంగడి పోతే ఈయన ఇక నా దగ్గరే ఉంటాడని మనసులో ఒక మూల సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషానికి ఆమె తరువాత ఎన్నడూ తనను తాను క్షమించుకోలేకపోయింది.

"సరే అంటా ఉండాడప్పా. నాకు తెలీదా ఆయన మనసు?" అంది.

మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. తక్కిన సగం అనసూయ చేసిపెట్టింది. ఎడమ బొటనవేలితో ముద్ర వేయించారు. పది రోజుల్లో గోడ కూలింది. అమ్ముడుపోని చీరల మూట ఒకటి ఇంటికొచ్చి మంచం కిందికి చేరింది. అంగడి సంగతి మళ్లీ ఎవరూ కృష్ణప్ప ముందు ఎత్తలేదు.

అయిదో నెల చివర చైత్ర పెద్ద పరీక్ష పెట్టింది. గంటసేపు అట్టలు చూపించింది, వస్తువులు మార్చింది, ఆగింది, మళ్లీ అడిగింది. ఏమీ రాలేదు. చివరికి నోటుపుస్తకం ముందు పెట్టుకుని, "అమ్మా, నిజం చెప్పండి. ఇందులో ఎన్ని మాటలు ఆయనవి?" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అనసూయ తట్టుకోలేకపోయింది. "ఒకటీ లేదు" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అయిదు నెలలు పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకుంది. అంగడి ముద్ర సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేదు.

చైత్ర నోటుపుస్తకం మూసేసి, "అయిందేదో అయింది. ఇంకా వాకిలి మూసుకోలేదు" అంది. "అయ్య జన్మంతా ఎక్కువసార్లు వరసగా చెప్పిన మాటలేవి?"

"చీరలు లెక్కపెట్టేవాడు. అంగట్లో."

"ఒకటి, రెండు అని నేను ఎన్నిసార్లు మొదలుపెట్టినా అందుకోలేదే."

"ఆయన ఒకటి అనడమ్మా. మా మామ కూడా అనేవాడు కాదు. మొదటిది లాభం. లాభం, రెండు, మూడు... పాత వ్యాపారస్తులంతా అట్లనే." ఆ మాట నోటి నుంచి బయటికొచ్చాకే అనసూయకు తెలిసివచ్చింది. రోజుకు అరగంట లెక్క చెప్పించమన్నప్పుడు ఒక్క రోజు కూర్చుని ఉంటే, అది తనకు మొదటి వారమే తట్టి ఉండేది.

మరునాడు పొద్దున భరత్ ఆఫీసుకు పోయాక ఆమె మంచం కింది మూట విప్పింది. చాప మీద కృష్ణప్పను కూర్చోబెట్టి, మడత చీర ఒకటి తీసి ఆయన ఎడమ చేతిలో పెట్టింది. "లాభం" అంది.

కృష్ణప్ప చీర అంచు మీద బొటనవేలు రాశాడు. పక్కన పెట్టాడు. ఆమె ఇంకొకటి అందించింది. ఈసారి నోరు మూసుకుని మనసులో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఆయన మెడ నరాలు తేలాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె కదల్లేదు. ఎనిమిది దగ్గర ఆయన గొంతులో ఏదో గరగరలాడింది.

"రెం... డు."

ఆమె ఇంకో చీర పెట్టింది. "మూడు." ఇంకొకటి. "నాలుగు." తరువాత ఆగలేదు. అంగట్లో లెక్కపెట్టినట్టే ఆ పాత రాగంతో పది దాకా చెప్పాడు. మూట ఖాళీ అయింది. అనసూయ ఏడుస్తోంది, నవ్వుతోంది. కృష్ణప్ప ఖాళీ మూటగుడ్డను చూసి, పేర్చిన చీరలను చూసి, ఆమె ముఖంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. ఆమె మాట అందించలేదు. ఎంతసేపైనా ఆగుదామని కూర్చుంది.

"అంగ... డి" అన్నాడు. మళ్లీ అన్నాడు. "అంగడి." ఎడమ చేత్తో వాకిలి చూపించాడు.

మొదటిసారి తానుగా అడిగాడు. ఇవ్వడానికి ఆమె దగ్గర అది లేదు.

ఇంకొక అబద్ధం చెప్పొచ్చు. రేపు పోదామనవచ్చు. అనసూయకు అంత ఓపిక మిగల్లేదు. "అంగడి లేదండీ" అంది. "కౌశల్‌కు ఇచ్చేసినాం. గోడ కూడా కొట్టేసినారు. ఆ దినం మీరు తల ఊపినారు. సరే అన్నారని నేనే చెప్పినా. మీరు అనలేదు."

కృష్ణప్ప విన్నాడు. బుద్ధి ఎక్కడికీ పోలేదని చైత్ర మొదటి రోజే చెప్పింది. ఆయన ముఖంలో ఒక్కొక్క మాట దిగడం అనసూయ చూసింది. ఆయన ఆ ఆదివారం కాగితం లాక్కున్నట్టే చీర ఒకటి లాక్కుని గుండెకు పట్టుకున్నాడు.

"వద్దు" అన్నాడు.

స్పష్టంగా, తడబాటు లేకుండా వచ్చింది. "వద్దు. వద్దు. వద్దు." ఆమె చెయ్యి పట్టుకోబోతే వద్దు, నీళ్లు తెస్తే వద్దు. మధ్యాహ్నం భవ్య వచ్చి, "మామ మాట్లాడతా ఉండాడా!" అని భరత్‌కు ఫోను చేసింది. ఫోనులో కొడుకు గొంతు విని కూడా కృష్ణప్ప అదే అన్నాడు. అవతల భరత్ ఏడ్చాడు, నాయన మాట మొదటిసారి తన చెవులతో విన్న సంతోషంతో. అనసూయ ఫోను తీసుకుని, "సాయంత్రం తొందరగా రాప్పా, నీకొక సంగతి చెప్పాల" అంది.

చైత్ర ఫోనులో సంగతి విని, "దొరికిన మాట కొన్నాళ్లు అట్లే పట్టుకుంటుందమ్మా. నిజంగా వద్దనే అంటా ఉండాడని అనుకోవద్దండి, అన్నిటికీ అదే వస్తా ఉండొచ్చు" అంది. అనసూయ తల ఊపింది.

మరునాడు అన్నం ముందు ఆమె గ్లాసు దూరంగా పెట్టి పది లెక్కపెట్టింది. కృష్ణప్ప గ్లాసు వైపు చూడలేదు. ఆమెనే చూస్తూ "వద్దు" అన్నాడు. కావాలనే అన్నాడో, నోటికి వచ్చి అన్నాడో, దాహముందో లేదో ఆమెకు తెలియలేదు. కనుబొమ్మ కదిలితే మనసు చదివే మనిషికి, మాటే వచ్చినా అర్థం కాలేదు. గ్లాసు ఆయనకు అందేంత దగ్గరికి జరిపి, నోటుపుస్తకంలో కొత్త పేజీ తెరిచి, నాలుగో గడిలో "వద్దు" అని రాసింది. ఉప్మా రోజున కూడా ఇదే మాట రాసింది. ఈసారి అది ఆయనదే.